రక్తవర్గమును పండ్లచిగుళ్లును

గడచిన శ్రావణమాసమున మా యింటి పేరంటమునకు వీధిలోని యాడువారందఱును వచ్చిరి. పసుపు కుంకుమలైన పిమ్మట నానిన సెనగలు పంచుచుండగా, ఐదవ నెల నడచుచున్న యొక చిన్నది తన పాలు కొంగున మూటగట్టుకొన్నదే కాని యొక్క గింజయైనను నోట వేసికొనలేదు.

“ఏమమ్మాయీ, సెనగలు గిట్టవా?” అని యడిగితిమి.

“గిట్టకేమి పిన్నిగారూ! నమిలితే చిగుళ్లనుండి నెత్తురు వస్తున్నది. రెండు నెలలై పండ్లు తోముకోవడమే మానివేశాను. ఉప్పునీళ్లు పుక్కిలించి ఊరుకుంటున్నాను.”

“వైద్యునికి చూపించుకోలేదా?”

“చూపించి ఏమి లాభమండీ? నాది ఓ వర్గపు రక్తమని ఆసుపత్రి చీటీమీద వ్రాశారు. ఆ వర్గంవారి చిగుళ్లు ఇంతేనని మా ఆడబిడ్డ ఎక్కడో చదివిందట. పుట్టుకతో వచ్చినదానికి మందేముంటుంది?”

ఆ కడపటి మాట మమ్ము చాల కలవరపెట్టినది. ఏలయన, అదే మాటను వేఱొక రూపమున మా బాల్యమునుండియు వినియుంటిమి. మా తల్లిగారు 48వ యేడు నిండకముందే పండ్లన్నియు పోగొట్టుకొనిరి. “మా పుట్టింటివారి పండ్లు నిలువవు, మా రక్తమే అంత” అని వారు నవ్వుచు చెప్పెడివారు. రెండవ కాన్పునకు ముందు మాకును చిగుళ్లు కాఱగా, ఇదియు పుట్టింటి సొత్తేయనుకొని, నెత్తురు వచ్చిన వైపు బ్రష్షు తగులనిచ్చుటయే మానితిమి. దాని ఫలము 34వ యేట అనుభవమునకు వచ్చినది. కుడివైపు క్రింది దవడపన్ను నొప్పియైనను లేకయే కదలి, తుదకు తీయింపవలసి వచ్చినది. ఒక్క పుచ్చు మచ్చయైనను లేని పన్ను! దానిని కాగితమున చుట్టి యింటికి తెచ్చుకొని చాలసేపు చూచుచు కూర్చుంటిమి.

కావున ఈ రక్తవర్గపు మాటలో నిజమెంతయో తెలిసికొనవలెనను పట్టుదల మాకు కలిగినది. చదివి తెలిసికొన్నదానిని మన సోదరీమణుల ముందుంచుచున్నాము.

రక్తమునకు వర్గములు కలవని మొదట కనుగొన్నవాడు కార్ల్ లాండ్‌స్టైనర్ అను పండితుడు. ఆయన వియన్నా నగరమున తన రక్తమును, తనతో పనిచేయువారి రక్తమును తీసి, ఒకరి ఎఱ్ఱకణములను మఱియొకరి రక్తపునీటితో కలిపి చూడగా, కొన్ని చక్కగా కలిసిపోయెను, కొన్ని విఱిగిన పాలవలె గడ్డలు కట్టెను. దానిని బట్టి 1901వ సంవత్సరమున మూడు వర్గములను ప్రకటించెను. మఱుసటి యేడు నాలుగవది బయల్పడెను. అవియే నేడు మనము ఏ, బి, ఏబి, ఓ అని చెప్పుకొనునవి. ఇందులకై ఆయనకు 1930లో నోబెలు బహుమానము లభించెను. ఎఱ్ఱకణముపై అంటియుండు చక్కెరజాతి పదార్థములలోని చిన్న భేదమే ఈ వర్గభేదమునకు మూలము. 1940లో లాండ్‌స్టైనరును, వీనరును ఆర్‌హెచ్ అను మఱియొక గుర్తును తెలిపిరి. చీటీమీద వర్గము ప్రక్కన పాజిటివు, నెగటివు అని వ్రాయునది దీనిని గూర్చియే.

ఆసుపత్రిలో గర్భిణి రక్తవర్గమును పరీక్షించుట ఊరక కాదు. కాన్పువేళ రక్తము ఎక్కింపవలసి వచ్చిన వర్గము సరిపోవలెను. తల్లి నెగటివును, కడుపులోని బిడ్డ పాజిటివును అయినచో, తల్లి శరీరము ఆ బిడ్డ రక్తమునకు విరుద్ధముగా తయారై తరువాతి బిడ్డలకు ప్రాణాపాయము తేగలదు. దానిని నివారించు సూదిమందు 1968 నుండి వాడుకలో నున్నది. కనుక ఆ చీటీని భద్రముగా దాచుకొనుడు. అది ప్రాణము నిలుపు కాగితము. చిగుళ్లజాతకము మాత్రము దానిపై వ్రాసియుండలేదు.

ఆ మాట యెట్లు పుట్టినదని యడుగుదురేమో. వెదకినవారు తెలివిమాలినవారు కారు. 1953లో ఇంగ్లండున అయర్డు అను శస్త్రవైద్యుడును, ఆయన సహచరులును జీర్ణకోశపు పుట్టకుఱుపు ఏ వర్గమువారికి కొంచెమెక్కువగా వచ్చుచున్నట్లు చూపిరి. మఱుసటి యేడు కడుపులోని పుండ్లు ఓ వర్గమువారికి కొంచెమెక్కువ యని చూపిరి. కలరా సోకినప్పుడు ఓ వర్గమువారిని అది తీవ్రముగా బాధించుననియు తరువాత తెలిసినది. అట్లయిన చిగుళ్లమాట యేమని పండితులు ఆలోచించుట సహజమే గదా! మఱియొక కారణము కూడ కలదు. నూటికి సుమారు 80 మందిలో ఈ వర్గపదార్థములు రక్తముననే గాక లాలాజలమునందును ఊరుచుండును. ఈ సంగతి 1932లో బయటపడినది. నోటిలోని సూక్ష్మజీవులు దేనికి అంటుకొనును, దేనికి అంటుకొనవు అనుటలో వాని ప్రభావ మెంతో కొంత యుండవచ్చునని ఊహించుటలో తప్పు లేదు.

అయితే ఊహ వేఱు, ఋజువు వేఱు. చిగుళ్లరోగులను వర్గములవారీగా లెక్కించినవారు పలుదేశములలో కలరు. మన దేశమునను అనేకులు కలరు. ఒకరు ఓ వర్గమువారికి ఎక్కువ యనిరి. మఱొకరు బి వర్గమువారి కనిరి. ఇంకొకరు ఏ వర్గమును వేలుపెట్టి చూపిరి. ఎట్టి సంబంధమును కానరాలేదని చెప్పినవారును కలరు. ఒక పెండ్లికొడుకును గూర్చి నలుగురు నాలుగు విధములుగ చెప్పినచో మన మేమి చేయుదుము? ఆ మాటలు నమ్మి పిల్లనిచ్చెదమా?

ఇట్టి లెక్కలలో నొక చిక్కు కలదు, దానిని గృహిణులు సులభముగ గ్రహింపగలరు. మా పేరంటమునకు 20 మంది వచ్చిరనుకొందము. వారిలో 18 మంది పట్టుచీరలు కట్టిరి. మఱునాడు 10 మందికి అజీర్తి చేసినది. వారిలో 9 మంది పట్టుచీరలవారే! పట్టుచీర కట్టుటచే అజీర్తి కలిగినదని యెవరైన ననిన నవ్వుదుము గదా. తెలుగునాట ఓ వర్గమువారు అందఱికంటె ఎక్కువ, నూటికి సుమారు 40 మంది. తరువాత బి, సుమారు 30. ఏ వర్గమువారు వారికంటె తక్కువ, ఏబి వారు మిక్కిలి తక్కువ. దంతవైద్యుని గడప త్రొక్కినవారిని లెక్కించిన ఓ వారే యెక్కువగా కనబడుటలో వింత యేమున్నది? రోగములేనివారిని గూడ అదే యూరినుండి తెచ్చి సరిపోల్చవలెను. పొగాకు వాడువారెవరో, మధుమేహము గలవారెవరో, పండ్లు సరిగా తోమనివారెవరో విడదీయవలెను. కొద్దిమందితో ముగించిన లెక్కలలో ఇవన్నియు కలగాపులగమై పోవుచుండును.

చిగుళ్లరోగమునకు మూలమేదో ప్రత్యక్షముగ చూపిన పరీక్ష 1965లో ప్రకటింపబడినది. డెన్మార్కు దేశమున ఓర్హూసు నగరపు దంతవైద్య కళాశాలలో హెరాల్డ్ లో అను ఆచార్యుడును, ఎల్సె థైలాడె అను విదుషియు, వారి సహచరుడొకరును కలిసి, ఆరోగ్యమైన చిగుళ్లు గల 12 మందిని పండ్లు తోముట మానుమని కోరిరి. వారిలో పెక్కుమంది దంతవైద్యము చదువు విద్యార్థులే. పది దినములనుండి ఇరువదియొక్క దినములలోపల 12 మందికిని చిగుళ్లు వాచినవి. ఒక్కరును మిగులలేదు. మరల శుభ్రముగ తోముట మొదలిడగా వారము దినములలో చిగుళ్లు మునుపటివలె నైనవి. ఈ యుదంతమును చదివినప్పుడు మేము మా కుడిదవడను తడవుకొంటిమి. మేము ఏ భయముచేత తోముట మానితిమో, ఆ మానుటయే రోగము!

నెత్తురు వచ్చునని తోముట మానినచో జరుగునది ఇది. పంటిపై కొన్ని గంటలలోనే సన్నని జిగురుపొర పేరుకొనును. మనము పాచి యని పిలుచునది అదియే. దానినిండ సూక్ష్మజీవులే. దానిని తొలగింపనిచో లాలాజలములోని సున్నపు లవణములు చేఱి గట్టిపడి గార యగును. గార పట్టినచోట మఱింత పాచి నిలుచును. వానితో పోరాడుటకై చిగుటికి రక్తము ఎక్కువగా వచ్చి చేఱును. అందుచే చిగురు ఎఱ్ఱబడి, ఉబ్బి, తాకిన మాత్రమున నెత్తురు కాఱును. ఇంతవఱకు నష్టము కొంచెమే, ఇదంతయు మరల బాగుపడగలదు. నిర్లక్ష్యము చేసిన కొందఱిలో ఆ మంట చిగుటిక్రిందికి దిగి, పంటిని పట్టియుంచు ఎముకను కరగించును. పంటికిని చిగుటికిని నడుమ సందు ఏర్పడును. ఆరోగ్యవంతులలో ఈ సందు లోతు మూడు మిల్లీమీటర్లకు మించదు. దంతవైద్యులు గీతలు గల సన్నని కడ్డీతో దీనిని కొలుతురు. కరగిన యెముక తిరిగి వచ్చుట దుర్లభము. నొప్పి యుండదు గనుక మన మెఱుగము. పన్ను కదలిననాడు తెలియును.

“అందఱికిని ఒకే విధముగ ఎముక కరగునా?” యని యెవరైన అడుగవచ్చును. కరగదు. పుట్టుకపాలు ఎంతయో ఇక్కడనే తేలుచున్నది. నాడు సిలోను అనబడిన శ్రీలంకలో 1970 మొదలు 1985 వఱకు తేయాకుతోటలలోని 480 మంది పురుషకూలీల పండ్లను అదే లో ఆచార్యుడును, ఆయన తోడివారును పరీక్షించుచు వచ్చిరి. ఆ కూలీలకు పండ్లు తోముకొను అలవాటు లేదు. అందఱి చిగుళ్లును వాచియే యున్నవి. పండ్లపై పాచియు గారయు అందఱికిని సమానము. అయినను నూటికి 8 మందికి రోగము మహావేగముగ ముదిరి, 35వ యేటికి 12 పండ్లును, 40వ యేటికి 20 పండ్లును ఊడి, 45 వచ్చునప్పటికి ఒక్కటియు మిగులలేదు. నూటికి 81 మందికి మెల్లగ ముదిరి 45వ యేటికి సుమారు 7 పండ్లు పోయినవి. తక్కిన 11 మందికి చిగుళ్లవాపే కాని పన్ను ఊడుట యించుమించుగా లేదు. ఆ వ్రాతలలోని కొలతలకంటె, 45వ యేట పండ్లులేని కూలివాని కంచము మా కన్నులకు కట్టినది. అన్నమును గంజిలో నానవేసి చేతితో మెదుపుకొను మా తల్లిగారి కంచమును నిత్యము చూచినవారము గదా.

కనుక శరీరతత్త్వములు వేఱు వేఱు అనుట నిజమే. అమెరికాలో 2000వ సంవత్సరమున 117 జతల కవలలను పరీక్షించి, ఎముక కరగు ముదిరిన రోగములో జనులకుగల తారతమ్యములలో సగము పాలు పుట్టుకవలన వచ్చినదేయని లెక్కకట్టిరి. అయితే ఆ పరీక్షలోనే మఱియొకటి తేలినది. ఊరక చిగుళ్లు వాచి నెత్తురు కాఱుటలో, అలవాట్లను లెక్కలోనికి తీసికొన్న పిమ్మట, పుట్టుకపాలు కానరాలేదు. అనగా ఆ చిన్నదాని చిగుళ్ల నెత్తురును ఆమె తాతముత్తాతల నెత్తిపై వేయుటకు వీలులేదు. మఱి ఆ సగము పుట్టుకపాలైనను రక్తవర్గమను ఒక్క గుర్తులో లేదు. శరీరపు రక్షణశక్తికి సంబంధించిన పెక్కు సూక్ష్మములలో నది చెదరియున్నది. చీటీమీది యక్షరము దానికి తాళపుచెవి కాదు.

శ్రీలంక కూలీలను పరీక్షించినవారే ఓస్లో నగరపు విద్యావంతులను గూడ అదే రీతిని పరీక్షించిరి. 40వ యేడు సమీపించునప్పటికి కూలీల పండ్లు సగటున నాలుగున్నర మిల్లీమీటర్ల పట్టు వదలగా, నిత్యము శుభ్రము చేసికొనుచు వైద్యుని వద్దకు పోవుచుండిన ఓస్లోవారి పండ్లు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే వదలెను. ఆ నగరమునను అన్ని వర్గముల రక్తమువారును ఉండిరి గదా.

మనలో ఈ భ్రమ ఇంత సులభముగ నాటుకొనుటకు మఱియొక హేతువు కలదని మాకు తోచుచున్నది. “రక్తదోషము” అను మాట మనకు క్రొత్తది కాదు. సుశ్రుతుడు దంతమూలమున బుట్టు రోగములు 15 అని లెక్కించి, అందు మొదట శీతాదమును చెప్పెను. చిగుళ్లు అకారణముగ నెత్తురు కాఱుట, దుర్గంధము కలుగుట, మెత్తబడి నల్లబడి విఱిగిపోవుట దాని లక్షణములు. కఫరక్తములు దూషితములగుటచే నది కలుగునని ఆయన మతము. మన పెద్దలు “రక్తము చెడినది” అనుట ఆ జాడలోనిదే. ఇప్పుడు ఆసుపత్రి చీటీమీద రక్తమునకు వర్గమని యొకటి కనబడగానే పాతమాటయు క్రొత్తమాటయు ఒకటియైపోయినవి. కాని సుశ్రుతుడు చెప్పిన రక్తదూషణము ఆహారవిహారములచే కలుగునది, చికిత్సచే తీఱునది. ఆ శీతాదమునకు ఆయన చికిత్సయు చెప్పియే యున్నాడు. వర్గమన్ననో పుట్టుకనుండి మాఱనిది. మాఱు దానిని మాఱనిదానిగ భావించి చేతులు ముడుచుకొనుట మన పొరపాటు. జపాను దేశమున 1927లో ఫురుకావా అను నాతడు రక్తవర్గమును బట్టి మనుజుల స్వభావములే చెప్పవచ్చునని వ్రాసెను. శాస్త్రజ్ఞులు దానిని అంగీకరింపలేదు, అయినను అక్కడివారిలో పెక్కురకు నేటికిని ఆ సరదా వదలలేదు. మనకు నక్షత్రములు, రాశులు చాలవా యేమి!

చరకుడు దంతధావనమును గూర్చి చెప్పినదానిలో రెండు మాటలు మమ్ము ఆకర్షించినవి. పుల్లకొనను నమిలి కుంచెవలె చేసికొని రెండు వేళల తోమవలెననుట యొకటి, చిగుళ్లకు బాధ కలుగకుండ తోమవలెననుట రెండవది. మనము ఉదయపు వేళను నిలుపుకొని రెండవ వేళను విడిచితిమి. చిగుళ్లమాట అసలే మఱచితిమి. కచ్చిక, ఇటుకపొడి, బొగ్గు, ఉప్పు పెట్టి గిన్నెలు తోమినట్లు పండ్లు రాచుటవలన పైపూత అరిగి, చిగురు వెనుకకు జరిగి, చల్లనీరు త్రాగిన జివ్వుమనును. పాచి మాత్రము సందులలో హాయిగ కూర్చుండును.

ఏమి చేయవలెనో చెప్పెదము. మెత్తని కుచ్చు గల బ్రష్షును తీసికొని, దానిని చిగురును పన్నును కలియుచోట ఏటవాలుగ నానించి, గట్టిగ నొత్తక, కొద్దికొద్దిగ కదలించుచు రెండేసి నిమిషములు తోమవలెను. లోపలివైపు మఱువరాదు. ఉదయము, రాత్రి భోజనమైన పిమ్మట, రెండు వేళలును తోమవలెను. పంటికిని పంటికిని నడుమ బ్రష్షు పోదు గనుక, అందులకై అమ్ము సన్నని దారమునో చిన్న కుంచెనో దినమున కొకమాఱు పోనియ్యవలెను. నెత్తురు కనబడినచోట భయపడి తప్పించుకొనక, అక్కడనే మఱింత మృదువుగ, మఱింత శ్రద్ధతో తోమవలెను. పాచివలన వచ్చిన నెత్తురయినచో వారము పది దినములలో తగ్గుముఖము పట్టును. పట్టనిచో దంతవైద్యునికి చూపవలెను. గార పట్టినచో బ్రష్షునకు లొంగదు, వైద్యుడే తీయవలెను.

గార తీయించిన పండ్లు కదలునని యొక మాట ఇంటింటను వినబడుచున్నది. మా అత్తగారు సయితము మమ్ము వెళ్లవద్దనిరి. నిజమేమనగా, వాచిన చిగురును గారయు కలిసి పండ్లనడుమ సందులను కప్పియుంచును. గార తీసిన పిమ్మట వాపు దిగి సందులు బయటపడును, కొన్నాళ్లు జివ్వుమనును. గోడపై మఱక కడిగిన పగులు కనబడినట్లు! పగులు కడుగుటచే వచ్చినది కాదు గదా.

గర్భిణులకు ప్రత్యేకముగ నొక మాట. గర్భధారణమున శరీరములో పెరుగు స్రావములచేత, కొంచెపు పాచికే చిగుళ్లు ఎక్కువగ వాచును. రెండవ మూడవ నెలలలో మొదలై ఎనిమిదవ నెల వఱకు హెచ్చి, కాన్పు తరువాత చాలవఱకు తగ్గును. కడుపుతోనున్నప్పుడు పంటివైద్యము కూడదనుట సరికాదు. గార తీయించుట మొదలగు పనులకు నాలుగవ నెల మొదలు ఆఱవ నెల వఱకు మిక్కిలి అనుకూలమైన కాలము, నొప్పియో చీమో యున్నచో ఏ నెలయైనను వైద్యము చేయింపవలసినదే. తాను గర్భిణినని ముందుగ చెప్పిన చాలును.

చిగుళ్లకు మహాశత్రువులు రెండు, పొగాకును మధుమేహమును. పొగాకు రక్తనాళములను ముడిచి నెత్తురు కనబడనీయదు. కనుక చుట్ట త్రాగువారును, నస్యము చిగుళ్లకు రాచువారును “మా చిగుళ్లు భేషుగ్గా ఉన్నవి” అనుకొనుచుండగా లోపల ఎముక కరగిపోవుచుండును. ఉత్తరపు జిల్లాల పల్లెలలో నిప్పుకొన నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగు ముసలమ్మలు కలరు. వారికి పండ్లకంటె అంగిటి పుట్టకుఱుపు భయమే హెచ్చు. మధుమేహము గలవారికి చిగుళ్లు త్వరగ చెడును, చిగుళ్లు చెడినచో చక్కెర అదుపునకు రాదు. రెండును ఒకదాని నొకటి పెంచుకొనునవి. ఇంట మధుమేహము గలవారున్నచో వారి కాళ్లను చూచినట్లే వారి చిగుళ్లను గూడ చూడుడు.

తాకకయే నెత్తురు కాఱినను, ఒంటిపై కమిలిన మచ్చలు కనబడినను, జ్వరము తోడైనను చిగుళ్లరోగమని యూరకుండక వెంటనే వైద్యునివద్దకు పోవలెను. అవి డెంగ్యూ వంటి జ్వరములకో, రక్తరోగములకో గుర్తులు కావచ్చును. గుండెజబ్బునకు రక్తము పలుచబడు మందు వాడువారికిని నెత్తురు వచ్చుట కలదు. వారు తమంతట తాము మందు మానరాదు.

ఇంతయు తెలిసియు మనము కదలము. ఇంట పిల్లవాని పన్ను నొచ్చిన సాయంకాలమునకే వైద్యశాలకు తీసికొనిపోదుము. యజమానుని పంటికి సెలవుదినము దొరకును. గృహిణి పన్ను మాత్రము పండుగ వెళ్లనీ, పరీక్షలు కానీ అనుచు ఊడువఱకు వాయిదాలలోనే యుండును. మా పన్ను సరిగ నట్లే పోయినది.

ఈ వ్యాసము వ్రాయు మిషచేత మా తల్లిగారి రక్తవర్గమును, వారి చెల్లెలైన మా పినతల్లిగారి రక్తవర్గమును తెలిసికొంటిమి. ఇద్దఱిదియు బి వర్గమే. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే పొయ్యిమీది వంట తిని పెరిగినవారు. మా పినతల్లిగారికి 66 ఏండ్లు. నేటికిని సంక్రాంతికి చెఱకుగడను పంటితో చీల్చుకొని నములుదురు. ఆమెకు చిన్ననాట దవడవాచి మిక్కిలి బాధపడినందున, రాత్రివేళ తోముకొనక పండుకొనుట యెఱుగదు. ఇద్దఱిని చూచి శాస్త్రము తేల్చరాదని మేము పైననే చెప్పితిమి గనుక ఇందుపై వాదింపము. మొన్నటి సంక్రాంతినాడు చెల్లెలు చెఱకు నములుచుండగా మా తల్లిగారు ప్రక్కన కూర్చుండి, ఆమె కోసి యిచ్చిన ముక్కలను రోట దంచించుకొని రసము త్రాగుచు, “నీ రక్తము మంచిదే” అనిరి. “నీది కూడ ఇదేనటే అక్కా” అని మా పినతల్లిగా రనగా, ఆమె చాలసేపు మాటలాడలేదు.

పేరంటపు చిన్నదానిని మఱునాడే వెంటబెట్టుకొని దంతవైద్యురాలి యొద్దకు పోతిమి. లోతు కొలువగా ఎముక చెడలేదు, పైవాపు మాత్రమేయని తేలినది. గార తీసి, బ్రష్షు పట్టుట నేర్పి పంపిరి. పదునైదవనాడు ఆమె మా వాకిటికి వచ్చి, “పిన్నిగారూ, ఆనాటి సెనగలు ఇంకా ఏమైనా ఉన్నవా?” అని యడిగినది. ఎండబెట్టిన గుప్పెడు మిగిలియుండెను, వేయించి యిచ్చితిమి.